నన్ను నోరు విప్పనివ్వని సిస్టరమ్మ

పదిహేనేళ్లుగా పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెబుతున్నవాణ్ని. "తప్పు ఎక్కడుందో కంప్యూటరే చెబుతుంది, అది చెప్పిన చోట చూడండి" అని ప్రతి ఏడాదీ ప్రతి తరగతికీ చెబుతాను. మూడేళ్ల కిందట అది చెప్పిన చోటే ఒక రోజంతా చూశాను. అక్కడ ఏమీ లేదు. తప్పు దానికి సరిగ్గా ఒక్క వరుస పైన, కళ్లెదుట కూర్చుని ఉంది. నేను తల ఎత్తలేదు. ఇంతకన్నా పెద్ద తెలివితక్కువ పని అంతకు ఏడాది ముందే చేసిపెట్టుకున్నాను. దాని సంగతి కాస్త ఆగి చెబుతాను. ఒప్పుకోలైనా సరే, ఒకేసారి అంతా అయితే గొంతు దిగదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, సిస్టరమ్మ పోయింది. సూర్యాపేటలో, తన ఇంట్లో, మధ్యాహ్నం అన్నం తిని పడుకుని మళ్లీ లేవలేదు. కబురు మా రక్తదాతల గ్రూపులో వచ్చింది. కింద వరసగా జోడించిన చేతుల బొమ్మలు. నేనూ ఒక జత చేతులు పెట్టాను. పెట్టాక నా అసలు చేతులు ఏం చేయాలో తోచలేదు.

ఆమె దవాఖానలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. అందరికీ సిస్టరే. సిస్టర్ అంటే దూరంగా ఉంటుందనీ, అమ్మ అంటే మరీ దగ్గరగా ఉంటుందనీ కాబోలు, సూర్యాపేట వాళ్లు రెండూ కలిపి సిస్టరమ్మ అన్నారు. చేతి గడియారం ముఖం ఎప్పుడూ మణికట్టు లోపలివైపే ఉండేది. నాడి చూసే చెయ్యి ఎత్తకుండానే టైము చూసుకోవడానికి అట. మనుషులను పేర్లతో గుర్తుపెట్టుకునేది కాదు, రక్తంతో గుర్తుపెట్టుకునేది. "ఓ నెగెటివ్ ఇంటికాడ పెండ్లి ఉన్నది, పోవాలె" అనేది. "ఏబీ పాజిటివ్ అలిగిండు" అనేది. లోకంలో గ్రూపు రాజకీయాలు ఎన్నో చూశాను గానీ, ఇంత నిజాయితీ గల గ్రూపు రాజకీయం మరొకటి చూడలేదు.

నన్ను పట్టుకున్నది సూర్యాపేట బస్టాండులో. కోదాడ బస్సు కోసం బెంచీ మీద కూర్చున్నాను. పక్కనున్న పెద్దామె "జర ఇటు తిరుగు" అంది. తిరిగాను. బొటనవేలు నా కుడి కంటి కింద ఆనించి రెప్ప కిందికి లాగింది.

"తెల్లగున్నది. తోటకూర తింటవా?"

"తింటానండి."

"అబద్ధం. మీదికెల్లి అండి ఒకటి. కోదాడా?"

"అవునండి."

"అనుకున్న. ఏం జేస్తవ్?"

"కాలేజీలో కంప్యూటర్ చెబుతాను."

"గందుకే తెల్లగున్నది" అంది. రెప్ప వదిలి, సంచిలోంచి ఒక పొడుగు నోటుబుక్కు తీసి నా ఒళ్లో పెట్టింది. "కంప్యూటర్ సారువైతె దీన్ని జర సక్కగ జెయ్యి. నాకు కండ్లు మసకలొస్తున్నయ్."

సూర్యాపేట, మిర్యాలగూడ చుట్టుపక్కల రక్తం ఇచ్చేవాళ్ల జాబితా అది. ఒక పేజీ ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. "వేములపల్లి. ట్రాక్టరు. ఏ నెగెటివ్. సూదంటే భయం. మాటల్ల పెట్టాలె." మనిషి పేరు రాయలేదు, అవసరం పడలేదు.

దాన్ని నేను జేసన్ అనే పద్ధతిలోకి మార్చాను. సమాచారాన్ని కంప్యూటర్ చదువుకునేలా రాసే ఒక తీరు అది. ప్రతి మనిషినీ బ్రాకెట్ల మధ్య కూర్చోబెట్టాలి, మాటమాటకీ కొటేషన్లు తగిలించాలి, మనిషికీ మనిషికీ మధ్య కామా పెట్టాలి. ఒక్కటి తప్పినా మొత్తం ఫైలే చదవను పొమ్మంటుంది. ఇక చదివేది బొమ్మలూ బొత్తాలూ లేని ఒక చిన్న పనిముట్టు. నల్ల తెర మీద ఒక్క వరుస ఆజ్ఞ టైపు చేస్తే చాలు, ఫైలంతా జల్లెడ పట్టి కావలసిన పేర్లు తీసి చేతిలో పెడుతుంది. ప్రతి ఆదివారం పొద్దున దానంతటదే నడిచేలా పెట్టాను. ఆ వారం ఎవరికి రక్తం ఎక్కించాలో చూస్తుంది, ఆ గ్రూపు దాతల్లో పోయినసారి ఇచ్చి మూడు నెలలు నిండినవాళ్లను ఏరుతుంది, వాళ్ల ఫోన్లకు మెసేజ్ పోతుంది.

ఆమె పేర్లు ఎక్కించుకోవడానికి అందమైన ఫారం ఒకటి చేసివ్వాలి. బద్ధకించి, పచ్చి ఫైలే ఆమె ల్యాప్‌టాప్‌లో పెట్టి, ఇక్కడ రాయండి సిస్టర్ అన్నాను. మా పిల్లలైతే వారంలో పారిపోయేవాళ్లు. ఆమె ఆ బ్రాకెట్లకూ గుర్తులకూ తన పేర్లు పెట్టుకుంది. వంకర బ్రాకెట్లు మీసాలు, చదరపువి తలుపులు, కొటేషన్లు కమ్మలు, కామా తోక. "ఈయనకు కమ్మలు పెట్టిన, మీసాలు పెట్టిన. తోక మర్శిన, పెడుతున్న" అని ఫోన్లో అప్పజెప్పేది. ఏడాది పాటు ఒక్క తప్పు రాయలేదు. మా కాలేజీలో అంత శుభ్రంగా రాసేవాళ్లు ఇద్దరున్నారు. ఆ ఇద్దరిలో నేను లేను.

ఇప్పుడు ఆ ఆగమన్న ముక్క. పనిముట్టు తయారైన కొత్తలో సూర్యాపేటలో దాతల మీటింగు పెట్టారు. పెద్ద తెర మీద నడిపి చూపించాను. ఎక్కడో ఏదో అతకక అది నాలుగు వరుసల ఇంగ్లీషు గొణిగింది. వెనకనుంచి ఎవరో "సారూ, మీ మిషను ఏడుస్తున్నది" అన్నారు. హాలంతా నవ్వింది. ఆ సాయంత్రమే ఇంటికెళ్లి ఆజ్ఞ చివర ఒక చిన్న ముక్క తగిలించాను. ఇక అది ఏం మొత్తుకున్నా ఆ మొత్తుకోలు ఎవరికీ కనబడని గోతిలో పడిపోతుంది. తర్వాతి మీటింగులో తెర అద్దంలా ఉంది. అందరూ చప్పట్లు కొట్టారు. ఒక మూగ పనిముట్టును చూసి చప్పట్లు కొట్టారని నాకొక్కడికే తెలుసు. ఆ సంగతి నేను కూడా త్వరలోనే మరిచిపోయాను.

మరుసటి ఏడు మా కోదాడ దాతలు కూడా కలిశారు. "పాత ఫైలు పెద్దదైంది సిస్టర్, కొత్తది మొదలుపెట్టండి" అన్నాను. ఆమె శ్రద్ధగా కొత్తది మొదలుపెట్టి తన వాళ్లను ఎక్కించి పంపింది, దాని కింద కోదాడ వాళ్లను నేను చేర్చాను. ఆదివారం వచ్చి వెళ్లింది.

ఆ బుధవారం దామరచర్ల దగ్గరి తండా నుంచి సరోజ తన కూతుర్ని మిర్యాలగూడ దవాఖానకు తెచ్చింది. ఆ పిల్లకు ఏడేళ్లు. ఒంట్లో రక్తం నిలవని జబ్బు, మూడు వారాలకొకసారి ఎక్కించాలి. బి నెగెటివ్, దొరకడం కష్టం. అందుకే ఆదివారమే మెసేజ్ పోవాలి, సోమవారం ఎవరో ఒకరు వచ్చి ఇవ్వాలి, పరీక్షలన్నీ అయి బుధవారానికి సీసా సిద్ధంగా ఉండాలి. ఆ పిల్ల వంతు వచ్చిన ప్రతిసారీ సిస్టరమ్మ సూర్యాపేట నుంచి బస్సెక్కి వచ్చి మంచం పక్కన కూర్చునేది. పదింటికి నాకు ఫోను.

"బిడ్డా, ఆదివారం మెసేజ్‌లు పోయినయా?"

"పోయాయి సిస్టర్."

"సూసి చెప్తున్నవా, సూడకుంట చెప్తున్నవా?"

"ఒక్క ఎర్రర్ కూడా రాలేదు సిస్టర్."

"మీ ఎర్రరూ రాలే, మా ఎర్రదీ రాలే. సీసా లేదంటున్నరు. సూసి చెప్పు."

చూశాను. ఎవరికీ ఏమీ వెళ్లలేదు. అప్పుడు గుర్తొచ్చి పనిముట్టు నోట్లోని గుడ్డ తీశాను. ఎన్నాళ్ల కడుపుబ్బరమో, వెంటనే చెప్పింది: చెల్లని అంకె ఉంది, రెండో వరుస, సున్నా స్థానం.

రెండో వరుసకు వెళ్లాను. అక్కడ తెరిచిన తలుపు ఒకటి తప్ప ఏమీ లేదు, అంకె అసలే లేదు. సున్నా స్థానం అంటే ఏదో కూడా అర్థం కాలేదు. నా స్థానం ఏమోనని ఇప్పుడనిపిస్తుంది. అంకె అందిగా అని అంకెల మీద పడ్డాను. రెండొందల పైచిలుకు మనుషుల ఫోను నంబర్లు, వయసులు, తేదీలు ఒక్కొక్కటే తడిమాను. తెలుగు అంకెలు రాసిందా, సున్నా బదులు ఓ కొట్టిందా, ఎక్కడైనా చుక్క పడిందా. తరగతులు ఎగ్గొట్టి వెతికాను. సాయంత్రమైంది, అన్నీ చెల్లే అంకెలే.

అటు సిస్టరమ్మ ఫోన్ల మీద ఫోన్లు. బి నెగెటివ్ వాళ్లలో ఒకామె కడుపుతో ఉంది, ఒకాయనకు జ్వరం. మాడుగులపల్లి అతను వరికోత మిషను నడుపుతాడు, మెసేజ్ చూసుకున్నాడంటే ఇచ్చేదాకా ఊరు కదలడు. ఈసారి మెసేజే లేదు, మంగళవారమే మిషనెక్కి వేరే జిల్లాకు కోతకు వెళ్లిపోయాడు. కోదాడ వాళ్లు కొత్త. వాళ్లెవరో ఆమెకు ఇంకా తెలియదు, నంబర్లున్నది నా దగ్గరి ఫైల్లో. ఆ నంబర్లు నన్నడిగి ఆమే ఫోన్ చేయవచ్చు కదా అంటారా? అడిగింది. "ఒక్క గంట ఆగండి సిస్టర్, మెసేజే పోతుంది" అన్నాను. గంట గంటకూ అదే అన్నాను.

గురువారం పొద్దున ఆమే అంది: "నువ్వొక్కనివి సూస్తె కాదు. మొదటికెల్లి సదువు, నేను వింట."

"సరే సిస్టర్. పైన శ్రీ."

"ఉన్నదా?"

"ఉంది."

"మంచిగ. తర్వాత?"

"తలుపు తెరిచి ఉంది."

"మంచిగ. తర్వాత?"

"మీసం. పేరు, కమ్మలున్నాయి..."

అలా ఒక నలభై మందిని చదివాను. నోరెండి నీళ్లకు లేచాను. గ్లాసు నోటి దాకా వచ్చి ఆగింది. పలక మీద శ్రీ, పరీక్ష పేపరు మీద శ్రీ, పెళ్లి పిలుపు మీద శ్రీ. పుట్టినప్పటి నుంచీ ఏ కాగితం పైనైనా ఉండేదే కాబట్టి దాన్ని నేను ఎన్నడూ చదివినవాణ్ని కాదు, దాటి కిందికి దిగడమే అలవాటు. పనిముట్టుకు ఆ అలవాటు లేదు. శ్రీని చూసి మీసం కాదు, కమ్మ కాదు, అయితే అంకె అయి ఉంటుందనుకుంది. మింగబోయింది, మింగుడుపడలేదు, రెండో వరుస గడప తొక్కాక కక్కింది.

"సిస్టర్, శ్రీ తీసెయ్యాలి."



"కొత్త పుస్తకం శ్రీ లేకుంట ఎట్ల మొదలువెడ్తరు బిడ్డా?"

"జేసన్‌కు ఆ సంగతి తెలియదు సిస్టర్."

"తీసేస్తె పోరికి రక్తం దొరుకుతదా?"

"దొరుకుతుంది."

"మరి తియ్యి. దేవునికి నేను చెప్పుకుంట."

తీశాను. మెసేజ్‌లు వెళ్లాయి. పావుగంటలో కోదాడలోని ఒక టీచరమ్మ ఫోన్ చేసి, స్కూల్లో చెప్పేసి వచ్చింది. ఇద్దరం మిర్యాలగూడ బస్సెక్కాం. రక్తం తీసి, పరీక్షలు చేసి, ఎక్కించేసరికి శుక్రవారం మధ్యాహ్నం. రెండు రోజుల ఆలస్యం.

ఆ గురువారం సాయంత్రం నేను వార్డులోకి వెళ్లేసరికి పిల్ల తల్లి ఒళ్లో తల పెట్టుకుని ఉంది. పెదవులు సున్నం రంగులో ఉన్నాయి. ఊపిరి పీల్చినప్పుడల్లా గొంతు గుంట లోపలికి పోతోంది. నన్ను చూడటానికి కళ్లు తిప్పింది, తల తిప్పలేకపోయింది. చదువుకున్న చదువంతా అక్కడే ఖతం అయినట్టనిపించింది.

సరోజ సిస్టరమ్మను నిలదీసింది. "ఎవల్ది తప్పు? నాకు చెప్పుర్రి. నిన్నటి సంది నా బిడ్డె కూసుంటలే. బుక్కెడు బువ్వ తింటలే. ఎవలు పంపలే మెసేజు? ఎవలు?"

నేను నోరు తెరిచాను. సిస్టరమ్మ నా మణికట్టు పట్టుకుంది, నాడి చూస్తున్నట్టే.

"నేనే తల్లీ. కంప్యూటర్ల పిచ్చిరాత రాసిన. నన్ను తిట్టు."

సరోజ తిట్టింది. తెలుగు చాలక లంబాడీలో తిట్టింది. మాట అర్థం కాకపోయినా తగిలే చోటు తెలిసే తిట్లు. వార్డంతా తిరిగి చూసింది. సిస్టరమ్మ కదలకుండా నిలబడి అన్నీ విన్నది. నా చెయ్యి మాత్రం వదల్లేదు.

వరండాలోకి వచ్చాక చెప్పాను. "అది మీ తప్పు కాదు సిస్టర్. శ్రీ రాస్తే అది అప్పుడే అరిచింది. ఆదివారమే అరిచింది. అయిదు నిమిషాల పని. దాని నోట్లో గుడ్డ కుక్కింది నేను. నలుగురిలో నవ్వులపాలయ్యానని కుక్కాను."

 తిడుతుందేమోనని ఆశపడ్డాను.

"ఇంకెవలికన్న చెప్పినవా?"

"లేదు."

"చెప్పకు. నన్ను తిడ్తె ఏం బోయింది, రిటైరైన ముసల్దాన్ని. నిన్ను తిడ్తె మెసేజ్‌ను తిట్టినట్టు. రేపు నీ మెసేజ్ వస్తె, ఆ తిక్కలోడు పంపిండులే అని పండుకుంటరు. వాళ్లు రాకుంటె ఈ పోరి గతేంది?"

"కాని సిస్టర్..."

"కాని లేదు, గీని లేదు. నోరు ముయ్యి. నీకు నోళ్లు మూసుడు వచ్చు గద."

ఆమె నన్ను తిట్టిన తిట్టు అదొక్కటే. ఇప్పటికీ కూర్చున్నచోట కూర్చోనివ్వదు.

నెల తిరగకుండా సూర్యాపేటలో మీటింగు పెట్టారు. దాతల సంఘం కార్యదర్శి మంచి మాటకారి, నొప్పి తెలియకుండా సూది వేస్తాడు. "సిస్టరమ్మా, మీరు ఇగ రెస్ట్ తీసుకోండ్రి. పెద్దోళ్లయిండ్రు. గీ కంప్యూటర్ పని పిల్లలు చూసుకుంటరు" అన్నాడు. సంఘం ఇచ్చిన ల్యాప్‌టాప్ టేబుల్ మీద ఆమె ముందు ఉంది. దాన్ని ఆయన మూసి, తన వైపు లాక్కున్నాడు. నేను ఎదురు కుర్చీలోనే ఉన్నాను. ఒక్క మాట చాలు. ఆమె నా వైపు చూసింది. వార్డులో చెయ్యి పట్టుకున్నట్టే ఉంది ఆ చూపు. ఇవ్వాళ నిజం చెప్పాలంటే, ఆమె చూడకపోయినా చెప్పేవాణ్ని కాదేమో. ఆమె చూపు నాకు మంచి సాకుగా దొరికింది, అంతే. టీ తాగాం. బిస్కెట్లు తిన్నాం. ఆమె జాబితాలో ఆమె పని అయిపోయింది.

తర్వాత కూడా బస్టాండులో కనబడినవాళ్ల కంటి రెప్పలు లాగుతూనే ఉండేది. "బి పాజిటివ్ దొరికిండు, రాసుకో" అని నాకే ఫోన్ చేసేది. మిర్యాలగూడ వెళ్లడం మాత్రం మెల్లగా తగ్గించింది. ఎందుకని అడిగితే మోకాళ్లన్నది. నమ్మాను. నమ్మితే సుఖంగా ఉంటుందని నమ్మాను. ప్రతి ఆదివారం తొమ్మిదింటికి ఆమె ఫోను తప్పేది కాదు. పలకరింపులేవీ ఉండవు.

"పోయినయా?"

"పోయాయి సిస్టర్."

"సూసి చెప్పు."

చూసే చెప్పేవాణ్ని. పనిముట్టు నోరు మళ్లీ ఎన్నడూ మూయలేదు. నా నోరే మూసి ఉంది, మూడేళ్లు.

దశదినకర్మ సూర్యాపేటలో ఒక చిన్న హాల్లో జరిగింది. దండ వేసిన ఫోటో, కుర్చీలు, మైకు. దాతలు చాలామంది వచ్చారు. వెనక వరుసలో సరోజ, పక్కన పదేళ్ల కూతురు. కార్యదర్శి మైకు తీసుకుని బాగానే మాట్లాడాడు, చివరిదాకా. చివర్లో అన్నాడు: "వయసు మీదపడి ఆఖర్ల కంప్యూటర్ల ఒక పొరపాటు జేసిండ్రు. ఒక పాప పానం మీదికి తెచ్చిండ్రు. అయినా ఆమె సేవల ముందట అది మనం మనసుల పెట్టుకోలే."

తలలు ఊగాయి. పాపం, అవును, వయసు, అని ఎవరో అన్నారు.

నేను ఎప్పుడు లేచానో తెలియదు. మైకు నా చేతిలో ఉంది.

"ఆ పొరపాటు ఆమెది కాదు" అన్నాను. నా గొంతు స్పీకర్లోంచి వేరే ఎవరిదో లాగా వచ్చింది. "ఆమె ఫైలు పైన శ్రీ రాశారు. మిషను వద్దని అరిచింది. ఆ అరుపు ఎవరికీ వినబడకుండా ముందే నేను దాని నోరు మూసిపెట్టాను. మీరందరూ నవ్వారని మూశాను. వినబడి ఉంటే ఆదివారమే సరిచేసేవాణ్ని. సోమవారమే రక్తం దొరికేది. ఆ బుధవారం సీసా లేకపోవడానికి కారణం నేను. తెలిసి కూడా ఆమెను తిడుతుంటే పక్కనే నిలబడ్డాను. ల్యాప్‌టాప్ తీసుకుంటుంటే టీ తాగాను. చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకుంది. ఇవ్వాళ తప్పుతున్నాను."

కార్యదర్శి "ఇప్పుడవన్నీ ఎందుకు సారూ" అని మైకు కోసం చెయ్యి చాపాడు. ఇచ్చేశాను. చెప్పాల్సింది అయిపోయింది.

జనం అన్నాలకు లేస్తున్నారు. సరోజ నా ముందుకొచ్చి నిలబడింది.

"నువ్వా?"

"నేనే."

"మూడేండ్ల సంది నీకు ఎరికేనా?"

"ఎరికే."

"మూడేండ్ల సంది ఆ తల్లి ఎదురైతె మొఖం తిప్పుకున్న నేను. నా పోరి చెయ్యి పట్టుకోబోతె గుంజుకున్న, ముట్టకు అన్న. మల్ల మా మంచం కాడికి రాలే ఆమె. గిప్పుడు ఏడికి పోయి పట్టుకోవాలె ఆ చెయ్యి? చెప్పు, ఏడికి పోవాలె?"

 ఆమె జవాబు కోసం ఆగలేదు. మొదలుపెట్టింది. తెలుగు అయిపోయాక లంబాడీలోకి దిగింది. విస్తళ్ల ముందు కూర్చున్నవాళ్లు చేతులు ఆపి చూశారు. కూతురు కొంగు లాగింది, ఆమె వినలేదు. ఎవరో మధ్యలోకి రాబోతే నేనే వద్దన్నాను.

బతికున్నన్నాళ్లూ సిస్టరమ్మ నాకు రావలసిన తిట్లన్నీ తనే తిన్నది, ఒక్క ముద్ద కూడా నా దాకా రానివ్వలేదు. ఆ మధ్యాహ్నం ఆమె ఫోటో ఎదుటే, ఆమె మాట లెక్కచేయకుండా, ఆమెకు ఏమీ మిగల్చకుండా మొత్తం నేనే తిన్నాను. తిని, చెయ్యి కడుక్కుని, కోదాడ బస్సెక్కాను.